అన్నయ్య పెట్టిన తప్పులు

అట్టపెట్టెల దుకాణానికి లెక్కలు చూసే మనిషి కావాలని చెల్లెలు అన్నగారికి చెప్పింది గానీ, చెప్పింది సగమే. "నీకు చేతిసాయంగా ఒక మనిషిని పెడదాం అన్నయ్యా" అంది. "నీ బదులు" అనలేదు. అనడానికి బాధేసింది అనుకుంటే పొరపాటు. కొన్ని వారాలుగా ఆమెకి బాధతో సహా ఏదీ రావడం లేదు. కోపం రాదు, ఏడుపు రాదు, ఆకలి కూడా అడిగితే గానీ రాదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. అట్టని గీత మీద మడవడం, అంచుకి జిగురు రాయడం, నొక్కిపెట్టి పది లెక్కపెట్టడం. కేకు పెట్టెలు, చెప్పుల పెట్టెలు, రోజుకి నాలుగు వందలు.

పన్నుల ఆఫీసు నుంచి మూడో నోటీసు వచ్చింది. నెలాఖరులోగా ఏడాది లెక్కలు సరిచేసి ఇవ్వకపోతే దుకాణానికి తాళం పడుతుందని దాని సారాంశం. మొదటి రెండూ అన్నయ్య కంటబడకుండా జిగురు డబ్బాల వెనక దాచింది ఆమే. ఇరవై ఎనిమిదేళ్లు దుకాణం లెక్కల్లో ఒక్క అంకె తేడా రానివ్వని అన్నయ్యకి ఏడాదిగా కూడికలు జారిపోతున్నాయి. పొద్దున రాసిందే మధ్యాహ్నం మళ్లీ రాస్తున్నాడు. ఆ సంగతి ఆయనకి తెలీదు. తెలియకూడదని చెల్లెలి పంతం.

అన్నయ్య మహా కొంటె మనిషి. పనివాళ్ల చెప్పులు ఒక్కోటి ఒక్కో పెట్టెలో పెట్టి అంటించేసి, సాయంత్రం వాళ్లు ఒంటికాలి మీద గెంతుతుంటే పొట్ట పట్టుకుని నవ్వే రకం. లెక్కల మనిషిని ఎంచుకోడానికీ ఆయనకో పద్ధతుంది. పద్దుల్లోంచి ఒక పేజీకి నకలు రాసి, అందులో కావాలని ఒక్క తప్పు పెట్టి ఇస్తాడు. పట్టుకున్నవాడు లోపలికి, పట్టుకోలేనివాడు మెట్ల మీదికి.

"ఏమే పిచ్చుకా, ఈసారి పెట్టిన తప్పు దేవుడొచ్చినా పట్టలేడు తెలుసా!" అన్నాడు పొద్దున్నే, పేజీ ఊపుకుంటూ.

పిచ్చుక అంటే చెల్లెలే. యాభై రెండేళ్ల పిచ్చుక. పేజీ చూసింది. అది నకలు కాదు. ఈ ఏడాది ఫైల్లోంచి ఊడదీసిన అసలు పేజీ.

"అలాగే అన్నయ్యా" అని అట్ట మడిచింది.

ముందు టై కట్టుకున్నాయన వచ్చాడు.

"ఉరితాడు మీరే తెచ్చుకున్నారే! మాకు ఖర్చు తప్పింది" అన్నాడు అన్నయ్య.

ఆయన మర్యాదగా నవ్వి, పేజీ మీద పెన్సిల్ ఆడించాడు. పావుగంట తర్వాత, "రెండో వరసలో కూడిక తప్పండీ. గట్టిగానే దాచారు" అన్నాడు.

"పట్టేశాడే!" అన్నయ్య బల్ల గుద్దాడు.

చెల్లెలు ఆయన్ని మెట్ల దాకా సాగనంపింది. అక్కడాయన గొంతు తగ్గించాడు. "ఒకటి కాదమ్మా, ఏడున్నాయి. పెద్దాయన మనసు కష్టపెట్టడం ఎందుకని ఊరుకున్నా. ఆయన్నలా కుర్చీలో కూర్చోనివ్వండి. వెనకాల నేను సర్దేస్తాను."

ఆమె భుజాలు కాస్త కిందికి దిగాయి. అప్పటిదాకా అవి పైకి బిగుసుకుని ఉన్నాయని కూడా ఆమెకి తెలీదు. ఈయనే, అనుకుంది. రెండో మనిషికి ఫోన్ చేసి వద్దందామనుకునేలోపే ఆ అమ్మాయి మెట్లెక్కేసింది. కళ్లజోడుకి ఒకవైపు దారం కట్టి ఉంది.

"మీ కళ్లజోడుకి ఒకటే చెవా అమ్మా?" అన్నాడు అన్నయ్య.

"రెండోది జీతమొచ్చాక కొంటానండీ" అంటూ పేజీ అందుకుంది. అన్నయ్యకి ముచ్చటేసింది.

పది నిమిషాలైంది. "ఏడున్నాయండీ" అంది ఆ అమ్మాయి.

చెల్లెలి చేతులు మడత మధ్యలో ఆగాయి.

"ఏడా?" అన్నయ్య నవ్వాడు. "ఒకటని చెప్పి ఏడు పెట్టా! నా సంగతి నీకు తెలీదు."

"అట్ట షీట్లు కొన్న బిల్లు రెండుసార్లు ఎక్కించారు. బేకరీవాళ్లు ఇచ్చిన డబ్బు ఖర్చుల్లో పడింది."

"అదీ నేనే పెట్టా."

"పెట్టారేమోనండీ. కానీ వెనక బ్యాంకుకిచ్చిన లెక్కల కాగితం నకలు గుచ్చి ఉంది. అందులోనూ మీ రాతతో అవే అంకెలున్నాయి. బ్యాంకువాళ్లతో కూడా ఆటాడారా?"

అన్నయ్య పేజీ లాక్కున్నాడు. దగ్గరగా పెట్టుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు, వేలు పెట్టి కూడుకుంటూ వచ్చి సగంలో ఆగిపోయాడు. పక్కగదిలో కత్తిరింపు యంత్రం టకటకా కొట్టుకుంటోంది.

"పిచ్చుకా, నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎన్నాళ్లబట్టీ?"

"మొదటి నోటీసు వచ్చినప్పట్నుంచి."

"నోటీసులు కూడానా! ఎన్ని?"

"మూడు."

ఇప్పుడైనా ఏడుపు వస్తుందేమోనని ఆమె చూసుకుంది. రాలేదు. వేళ్ల మీద జిగురు ఎండి చర్మం బిగుస్తున్నట్టు మాత్రం తెలిసింది.

"ఆ టై ఆయన ఎన్ని పట్టాడు?" అన్నాడు అన్నయ్య.

"లోపల ఒకటి. బయట ఏడు."

అన్నయ్య పేజీని బల్ల మీద పెట్టాడు. "మంచివాడే పాపం. ఇవాళ నా మనసు కష్టపడకుండా చూశాడు. రేపు నీకు చెప్పాల్సినప్పుడు కూడా అలాగే చూస్తాడే. నువ్వు నవ్వుతూనే ఉంటావు, కిందొచ్చి ఎవడో తాళం వేసిపోతాడు." అమ్మాయి వైపు తిరిగాడు. "నీకు మొహమాటం లేదా తల్లీ?"

"ఉంటుందండీ. అంకెల దగ్గర గుర్తురాదు."

"ఈ అమ్మాయిని పెట్టుకో" అన్నాడు చెల్లెలితో.

ఆమె తలూపింది. ఆ అమ్మాయి ఫైలు తెరిచి, కూర్చోకుండానే మొదటి పేజీ నుంచి చూడ్డం మొదలుపెట్టింది. గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో అన్నయ్య ఉన్నాడు.

"మరి రేపట్నుంచి నేనేం చెయ్యనే?"

చెల్లెలు వెంటనే ఏదో ఒకటి అనబోయింది. ఆగింది.

"తెలీదన్నయ్యా. అంతదాకా ఆలోచించలేదు."

"సరే, ఆలోచించు" అన్నాడు అన్నయ్య. కుర్చీలోంచి మాత్రం లేవలేదు. అమ్మాయి పేజీ తిప్పింది.