అరవై టన్నుల గొప్ప

మొదట్లో నా చేతిలో ఉన్నవి ఓడల్ని లాగే రెండు టగ్గు బోట్లు, ఒక బావమరిది, ఒక అబద్ధం. బోట్లు పాతవి. బావమరిది రెండో బోటును నడిపే సరంగు. అబద్ధం మాత్రం కొత్తది. నలభై టన్నుల బలంతో లాగే బోట్లకు కాగితం మీద అరవై అని రాశాను, బోట్ల పక్కన రంగుతో కూడా రాయించాను. అమ్మేవాడు తన సరుకును పొగడటం తప్పయితే బజార్లన్నీ మూసెయ్యాలి.

చమురు ఓడలకు తోడుగా టగ్గులు పెట్టాలని రేవు వాళ్లు అనుకున్నారు. ఇంజను చెడి ఓడ కొట్టుకుపోతుంటే, రాళ్లకు తగలకుండా ఆపడం మా పని. ఒక టగ్గు చాలా, రెండు కావాలా? అది తేల్చమని కంప్యూటర్‌ను అడిగారు. సముద్రం మొహం చూడని పెట్టె సముద్రం మీద తీర్పు చెబుతుందన్నమాట.

చల్లటి గదిలో రేవు ఇంజనీరమ్మ నా కాగితంలోని అరవైని ఎక్కించి మీట నొక్కింది. తెర మీద ఓడ ఇంజను ఆగింది. గాలి దాన్ని రాళ్ల వైపు తోసింది. నా టగ్గు బొమ్మ వెనక నుంచి తాడు బిగించి, ఓడను గొర్రెపిల్లలా నిలబెట్టింది. నేను చప్పట్లు కొట్టాను.

"భలే బలమండీ మీ బోటుది! ఒక్కటే చాలు, రెండోది అక్కర్లేదు" అందామె.

చప్పట్లు మధ్యలోనే ఆగిపోయాయి.

పక్కనే ఉన్న బావమరిది నా చెవిలో గొణిగాడు. "బాగా పొగిడావు బావా, నా కూడు పోయేంత బాగా."

"నోర్మూయ్‌రా."

"మూస్తా. అక్కకి మాత్రం నువ్వే చెప్పుకో. నిజంగా ఓడ చెడిన రోజున ఆ మిగతా ఇరవై టన్నులు కూడా నువ్వే లాగు."

గొంతు సవరించుకున్నాను. "అమ్మా, ఆ అరవై... బోటు కొత్తగా ఉన్నప్పటి మాట."

"ఇప్పుడెంతండీ?"

"యాభై."

ఈసారి ఓడ రాళ్ల అంచున ఆగింది. "ఇప్పుడూ ఒక్కటే చాలండీ."

"బేరమాడకు బావా!"

"నలభై" అన్నాను, పన్ను పీకించుకున్నవాడిలా.

ఓడ రాళ్లకు కొట్టుకుంది. తెర మీద నల్లటి మరక పాకింది. గదిలో మేమిద్దరమే పళ్లు ఇకిలించాం. మరక ఆగకుండా ఒడ్డుదాకా పాకేసరికి నా నవ్వు ఆగిపోయింది. ఆమె రెండో టగ్గును జత చేసి మళ్లీ నడిపింది. ఓడ ఆగింది.

చివరికి మిగిలింది ఇదీ: రెండు బోట్లకూ పని. అరవై చెరిపి నలభై రాయడానికి డబ్బాడు రంగు ఖర్చు. తన కోసం పరువు వదులుకున్న దేవుణ్ణి నేనని బావమరిది ఊరంతా చెబుతున్నాడు, ఆ పొరపాటు నేను దిద్దలేదు. నిజం చెప్పి బాగుపడిన బేరం నా జీవితంలో ఇదొక్కటే. అలవాటైపోతుందేమోనని భయంగా ఉంది.