రెండో కాగితం

ఫారంలో ఏడో గడి దగ్గర నా పెన్ను ఆగింది. "పూర్వ వృత్తి" అని ఉంది. అంతకు ముందువన్నీ నింపేశాను. పేరు జగ్గారావు, వయసు యాభై ఎనిమిది, చదువు మూడో తరగతి, ఊరు కొల్లేటి లంక. ఏడో గడిలో ఏం రాయాలో తెలియక ఆగలేదు. పక్కనున్నాయన నా ఫారంలోకే చూస్తున్నాడని ఆగాను.

పెద్దవాళ్ళకి చదవడం నేర్పే మాలాంటి వాలంటీర్లకి తాడేపల్లిగూడెంలో ఒక కల్యాణ మండపంలో రెండు రోజుల శిక్షణ పెట్టారు. నలభై మంది దాకా వచ్చాం. ఎవరి పెళ్ళిదో, కుర్చీలకి కట్టిన తెల్లగుడ్డలు ఇంకా విప్పలేదు.

పక్కాయన పేరు ప్రసాదరావు గారు. అత్తిలి ఆయనది. రిటైరైన బస్సు కండక్టరు.

"రాసెయ్యండి మేస్టారూ," అన్నారు. "నేను కండక్టరని రాశాను. ముప్పై ఏళ్ళు జనాన్ని ముందుకి జరగండి, ముందుకి జరగండి అన్నాను. ఇప్పుడూ అదే అంటన్నాను. కాపోతే అప్పుడు తిట్టేవోరు, ఇప్పుడు దణ్ణం పెడతన్నారు."

"నాది బల్లకట్టండి," అన్నాను.

"అదేం ఉద్యోగమండీ?"

"వంతెన లేనప్పుడు, కొల్లేట్లోకి పోయే పెద్ద డ్రెయిన్ కాలవ మీద జనాన్ని దాటించడం. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తాడు కట్టి ఉంటుంది. దాన్ని లాగుతా ఉంటే బల్లకట్టు పోద్ది."

"అయితే మనిద్దరిదీ ఒకే డిపార్ట్‌మెంటండీ. మీకు హారన్ లేదంతే."

నవ్వాను గానీ గడి నింపలేదు. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాను.

నన్ను ఈ శిక్షణకి పంపడానికి ఒక కారణం ఉంది. మా లంకలో తుఫాను షెల్టరు వరండాలో పదకొండు మంది ఆడవాళ్ళకి చదవడం నేర్పుతున్నాను. చేపల చెరువుల మీద పని ముగించుకుని మధ్యాహ్నం వస్తారు. తల్లో పొలుసులు ఎండి ఉంటాయి. మొన్న శ్రావణంలో సూపర్‌వైజరు గారు వచ్చి, ఒక్కొక్కరినీ చదవమన్నారు. అందరిలోకీ పెద్దది పెద్దింట్లమ్మ. పుస్తకం నేల మీద పరిచి, దాని మీద గులకరాయి పెట్టి, రెండు చేతులూ ముందుకి చాచి పిడికిళ్ళు బిగించింది. గుండెల దాకా లాగి ఒక మాట చదివింది. మళ్ళీ చాచి లాగి, ఇంకో మాట. ఆవిడ తర్వాత చదివినవాళ్ళూ అంతే.

"ఇదేం పద్ధతమ్మా?" అన్నారు సూపర్‌వైజరు గారు.

"లాగకపోతే మాట రాదండి బాబూ," అంది పెద్దింట్లమ్మ. "మా మేస్టారూ అంతే చదూతారు."

ఆయన నా వైపు చూశారు. నేను నా చేతుల వైపు చూసుకున్నాను. బోర్డు మీది మాటలు చదివేటప్పుడు నా చేతులు అలా కదులుతాయని అప్పటిదాకా నాకు తెలియదు. పదకొండు మందీ చదువుతో పాటు అదీ నేర్చేసుకున్నారు. ఆయన పుస్తకంలో ఏదో రాసుకున్నారు. వారం తిరక్కుండా శిక్షణకి రమ్మని కబురు వచ్చింది.

ఆ చేతులు నాకు మంగతాయారు గారి దగ్గర వచ్చాయి.

ముప్పై మూడేళ్ళ కిందటి మాట. అప్పుడు కూడా ఊళ్ళలో పెద్దవాళ్ళకి చదువు చెప్పించారు. మా లంకకి ఆవిడ వచ్చేవారు. ఏలూరు నుంచి బస్సులో వచ్చి, గట్టు మీద నడిచి, నా బల్లకట్టు ఎక్కేవారు. నా వయసే ఉంటుంది. ఎక్కిన మొదటి రోజు నా పేరు కనుక్కుని, "జగ్గారావు గారూ, మీరు రారా చదువుకోడానికి?" అని అడిగారు. అప్పటి వరకు నన్ను గారూ అన్నవాళ్ళు లేరు. వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"నేనొస్తే దీన్నెవరు లాగుతారండీ?" అన్నాను.

మర్నాటి నుంచి ఆవిడ నా ఎదురుగా నిలబడి, పుస్తకం రెండు చేతులతో తెరిచి నా కళ్ళ ముందు పట్టుకునేవారు. నా చేతులు తాడు మీద ఉండేవి. దాటడానికి పావుగంట పట్టేది, గుర్రపుడెక్క అడ్డం పడితే ఇంకొంచెం. నాన్న పోయి మూడో తరగతిలో బడి మానేసినవాణ్ణి కదా, అక్షరాలు గుర్తున్నాయి గానీ అవి కలిసి మాట అయ్యేవి కావు. ఒక్కో అక్షరం దగ్గర దిగబడిపోయేవాణ్ణి. కొన్నాళ్ళు చూసి ఆవిడ, "లాగినప్పుడల్లా ఒక మాట అనండి. మాట పూర్తి కాకుండా లాగడం ఆపకండి," అన్నారు. అలా వచ్చింది నాకు చదువు. పోయేటప్పుడు ఒక పావుగంట, వచ్చేటప్పుడు ఒక పావుగంట, ఆరు నెలలు.

"ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఒక పేజీ ఆగకుండా చదివి వినిపించండి. ఆ రోజుతో మీకు నేను అక్కర్లేదు," అనేవారు. నేను సగం దాకా వచ్చి ఆగేవాణ్ణి. కొన్నిసార్లు రాక ఆగేవాణ్ణి. కొన్నిసార్లు వచ్చీ ఆగేవాణ్ణి.

ఆవిడ ఆఖరిసారి దాటిన రోజున బల్లకట్టు నిండా చేపల గంపలు, వాటి మనుషులు. పుస్తకం తెరవడానికి చోటు లేదు. దిగి రేకుపెట్టె అందుకుంటూ, "ఆ పేజీ ఎప్పుడైనా వింటాలెండి," అన్నారు. గట్టు మలుపు దాకా చూశాను. ఆ పై ఏడు నాకు పెళ్ళయింది. తర్వాత చాలా ఏళ్ళకి వంతెన కట్టారు. ఆవిడ ఎక్కడున్నారో తెలియలేదు. వెతకడం నాకు చేతకాలేదు.

ఈ సంగతి మా ఆవిడ చంద్రకళకి ఒకసారి చెప్పాను. "మీరు పుస్తకాన్ని చూసేవోరా, ఆవిణ్ణి చూసేవోరా?" అని అడిగింది. పుస్తకాన్నే చూసేవాణ్ణి. అందుకే ఆవిడ మొహం సరిగ్గా గుర్తులేదు. పుస్తకం అంచు మీద వేళ్ళు గుర్తున్నాయి. వచ్చిన కొత్తలో బొటనవేలికీ చూపుడువేలికీ నల్లటి మరక ఉండేది. సిరా అనుకునేవాణ్ణి. ఒకటి రెండు నెలలకి అది పోయింది.

కల్యాణ మండపంలో మొదటి రోజు పంచిన కార్యక్రమం కాగితంలో, రెండో రోజు పదకొండు గంటల దగ్గర ఇలా ఉంది: "అనుభవాలు. మంగతాయారు గారు, విశ్రాంత శిక్షకురాలు, నల్లజర్ల."

ఆ రోజు ఎవరేం చెప్పారో నేను వినలేదు. శిక్షణ నడిపే రేహానా మేడం ఏలూరావిడ. ఇదివరకు ఏదో కాలేజీలో లెక్చరరట, కాలేజీ మూసేశాక ఇటు వచ్చారట. ఒక్కొక్కరినీ లేపి, చూడని కాగితం ఇచ్చి గట్టిగా చదివించారు. ఒకరు దర్జీ, ఒకరు అంగన్‌వాడీ ఆయా, ఏలూరులో సైన్‌బోర్డులు రాసిన జిలానీ గారు. అందరూ చదివారు. నేను మంచినీళ్ళకని రెండుసార్లు బయటికి పోయి తప్పించుకున్నాను. నలభై మంది ముందు చేతులు ఆడిస్తే ఏం మర్యాద? చదవలేడని రాసి పంపిస్తే తుఫాను షెల్టరుకి తాళమే.

రెండో రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాను. ఆవిడ వస్తే ఆ పేజీ వినిపించాలి. అంతే నాకు కావలసింది. ఒక్కరికే అయితే చేతులాడినా ఫరవాలేదు.

పదకొండయింది. రేహానా మేడం రెండు కాగితాలు పట్టుకుని వేదిక ఎక్కారు.

"మంగతాయారు గారు రాలేకపోయారండీ. షుగర్ వల్ల ఆవిడకి చూపు పోయింది. చెప్పి, మేనకోడలి చేత రాయించి పంపారు. దీన్ని మీలోనే ఎవరైనా చదవాలి, అది రికార్డు చేసి తనకి పంపాలి, అని ఒకే కోరిక కోరారు." నలుగురి వైపూ చూసి, "నిన్నటి నుంచి చదవనివారు ఒక్కరే ఉన్నారు. జగ్గారావు గారూ, రండి. మంచినీళ్ళు ఇక్కడే ఉన్నాయి," అన్నారు. హాలంతా నవ్వింది.

వెళ్ళాను. ఒక చేతిలో మైకు పెట్టారు, ఒక చేతిలో కాగితాలు. సెల్‌ఫోను స్టాండుకి పెట్టి నొక్కారు. మొదటి మాట కనబడుతోంది. అక్షరాలన్నీ తెలుసు. రెండు చేతులూ నిండి ఉన్నాయి, మాట రావడం లేదు.

ఎంతసేపు నిలబడ్డానో. ప్రసాదరావు గారు లేచి వచ్చారు. మైకునీ కాగితాల్నీ తాడులా బిగించి పట్టుకున్న నా పిడికిళ్ళు చూశారు. నా చేతిలోంచి మైకు తీసుకుని స్టాండుకి తగిలించారు. కాగితాలు తీసుకుని, నా ఎదురుగా నిలబడి, మొదటిది తెరిచి రెండు చేతులతో పట్టుకున్నారు.

"రైట్," అన్నారు మెల్లగా.

తాడు అందుకున్నాను.

"నా పేరు మంగతాయారు. నన్ను అందరూ టీచరమ్మ అన్నారు. నేను టీచర్ని కాను. పదో తరగతి అయ్యాక ఆరేళ్ళు పొగాకు ఆరబెట్టే బేరన్ల దగ్గర ఆకు గ్రేడింగు చేశాను. రంగు చూసి, వేళ్ళతో తడిమి, ఏ ఆకు ఏ కట్టలోకి పోవాలో చెప్పడం నా పని. కొల్లేటికి పోయిన మొదటి రోజు ఎవరో అడిగితే, టీచర్ ట్రైనింగయ్యానని అబద్ధం చెప్పాను. ఆకు జిగురు మరక అప్పటికి నా వేళ్ళకి ఇంకా ఉంది."

వెనక ఎవరో నవ్వారు, నా చేతులు చూసి. తర్వాత నవ్వు వినబడలేదు. లేకపోతే నేను వినలేదు. సిరా కాదన్నమాట. ఆగబోయాను. మాట పూర్తి కాకుండా ఆపవద్దు కదా, లాగాను.

"అప్పటికి నాకు నేర్పడం రాదు. క్లాసులో ఆడవాళ్ళు నన్ను చూసి జాలిపడేవారు. అక్కడ బల్లకట్టు మీద ఒకాయన ఉండేవారు. ఆయన చేతులు ఎప్పుడూ తాడు మీదే. చదవమంటే అక్షరం దగ్గర ఆగేవారు, తాడు మాత్రం ఆగేది కాదు. ఆకు పనిలోనూ అంతే, చెయ్యి ఆగితే కన్ను తడబడుతుంది. అందుకని చేతితో పాటు చదవమన్నాను. నేర్పడమంటే ఎదుటిమనిషి చేతులకి ఏం వచ్చో ముందు చూడటమని నాకు ఆ నీళ్ళ మీద తెలిసింది. ఆ పైన ఇరవై రెండేళ్ళు ఎంతోమంది టీచర్లకి శిక్షణ ఇచ్చాను. అందరికీ ఆ సంగతే చెప్పాను. ఆ మనిషి పేరు మాత్రం"

అక్కడికి కాగితం అయిపోయింది.

ప్రసాదరావు గారు రెండోది పైకి తీస్తుండగా బయట జీపు ఆగింది. పెద్ద ఆఫీసరు గారు వచ్చారు. రేహానా మేడం కంగారుగా ఫోను ఆపి, "చాలా బాగా చదివారండీ, మిగతాది భోజనాలయ్యాక," అని గుమ్మం వైపు వెళ్ళారు. భోజనాలయ్యాక ఆఫీసరు గారి మాటలు, సర్టిఫికెట్లు. మిగతాది ఎవరికీ గుర్తులేదు. కాగితాలు నా దగ్గరే ఉండిపోయాయి.

రెండోది నేను విప్పలేదు. అందులో నా పేరు ఉండొచ్చు, గుర్తులేదని ఉండొచ్చు. ఏదున్నా ఒక్కణ్ణే గోడ పక్కన నిలబడి చదువుకునేది కాదది.

ఏడో గడిలో "బల్లకట్టు" అని రాసి ఫారం ఇవ్వడానికి వెళ్ళాను. రేహానా మేడం ఫారం చూశారు. ఆ మాట దగ్గర ఆగారు. తల ఎత్తి నన్ను చూసి, నేను చదివింది పంపితే నల్లజర్ల నుంచి వచ్చిన వాయిస్ మెసేజి నొక్కి, ఫోను నా చెవి దగ్గర పెట్టారు.

ముసలి గొంతు. అయినా అదే విరుపు.

"విన్నానమ్మా రేహానా. రెండుసార్లు పెట్టించుకున్నాను. చదివినాయన ఎవరు? తాడు లాగినట్టు చదివారు. రెండో కాగితం ఏదమ్మా? సగంలో దింపేశారేంటి?"

"ఏం చెప్పమంటారండీ ఆవిడకి?" అన్నారు మేడం.

"ఏం చెప్పొద్దండి," అన్నాను. "ఊళ్ళో ఇల్లెక్కడో చెప్పండి చాలు."

సర్టిఫికెట్ వెనక రాసిచ్చారు.

బస్టాండులో ఏలూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. అది ఎక్కితేనే ఏలూరులో మా ఊరి ఆఖరి బస్సు అందుతుంది. దాని అవతల నల్లజర్ల బస్సు, సగం ఖాళీగా. చంద్రకళ ఫోన్ చేసింది.

"బస్సెక్కారా?"

"ఎక్కాను."

"ఏలూరుకి ఎన్నింటికి దిగుతారు?"

"ఏలూరుది కాదు. నల్లజర్లది. ఒకావిడకి పేజీ చదివి వినిపించాలి."

 ఫోనులో మా ఇంటి ముందు బాతుల అరుపు వినబడింది.

"పుస్తకం ఆవిడేనా?" అంది.

"ఆఁ."

"చొక్కా నలిగిందేమో చూసుకోండి," అంది. పెట్టేసింది.

చొక్కా నలిగే ఉంది. జేబులో రెండో కాగితం మడత విప్పకుండా ఉంది. కిటికీ పక్కన కూర్చుని, ముందు సీటు కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాను. ఇక్కడి నుంచి గంట లోపే అన్నారు. కండక్టరు తలుపు మీద కొట్టి, రైట్ అన్నాడు.