విప్పని ముడి

నేను ఒక కణపుంజ యంత్రాన్ని. హెడ్ కానిస్టేబుల్ డప్పల గౌరునాయుడు గారు పోయిన రోజున పోలీసు షెడ్డులోనే ఉన్నాను. నాలో ఏ లోపమూ లేదు. మెడ చుట్టూ ఎర్ర రిబ్బను ఉంది.

కంటికి కనపడని కణాలను వేగంగా తరిమి, సన్నని ధారగా వదలడం నా పని. ఆ ధార సంచీలోకైనా డబ్బాలోకైనా దూరి, బాంబును పేల్చే చిన్న సర్క్యూట్‌ను చంపేస్తుంది. మనిషి దూరంగా నిలబడి మీట నొక్కితే చాలు. అందుకోసమే కొందరు ఏడేళ్లు కష్టపడి నన్ను తయారుచేశారు.

జిల్లాకు వచ్చాక నన్ను గౌరునాయుడు గారికి అప్పగించారు. ఆయన పదహారేళ్లుగా బాంబులను చేతులతో విప్పుతున్నారు. పరీక్ష కోసం పాత టిఫిన్ క్యారియర్‌లో డమ్మీ బాంబు పెడితే, నేను దాని నోరు మూయించాను. ఆయన నా వీపు తట్టారు.

"ఒచ్చేసినావు గదా! ఇంక మా ఇంటిది శనివారాలు ఉపాసం ఉండక్కర్నేదు."

కానీ నాకు రిబ్బను కట్టారే గాని, ప్రారంభోత్సవం కాలేదు. మంత్రిగారు తేదీ ఇచ్చేసరికి ఆషాఢం వచ్చింది. శ్రావణంలో, శిలాఫలకం మీద తన పేరు చిన్నదైందని ఒక పెద్దమనిషి అలిగారు. ఫలకం మళ్లీ చెక్కించారు.

ఆ మంగళవారం ఉదయం సంతలో, కూరగాయల బుట్టల మధ్య ఒక సంచీ కనబడింది. గౌరునాయుడు గారు పరుగున వచ్చి, నా మీది గుడ్డ తీసి, రిబ్బను ముడి మీద చెయ్యి వేశారు. వెనకే ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు.

"ఏటి నాయుడూ అది? ఎల్లుండే గదా ఫంక్షను!"

"ముడి ఇప్పి మళ్లీ కట్టేస్తాను సార్. ఎవులికీ తెలీదు."

"పేపరోళ్లు ఫొటో తీస్తే? వాడేసిన మిషన్ని మంత్రిగారి చేత ప్రారంభించారంటారు. నా ఉద్యోగం ఉంటాదా? ఇన్నేళ్లూ చేతుల్తోనే చేసినావు. ఈ ఒక్కసారికీ కానీయ్."

గౌరునాయుడు గారు ముడి వదిలేశారు. గుడ్డ మళ్లీ కప్పి, మూలలు సర్ది వెళ్లారు. సంతలో జనాన్నంతా ఆయనే దూరంగా పంపించారట. పదకొండు దాటాక షెడ్డు రేకులు అదిరాయి. ఇంకెవరికీ ఏమీ కాలేదు.

సంతాప సూచకంగా ప్రారంభోత్సవం వాయిదా వేశారు. ఇక మీదట ఏ కానిస్టేబులూ బాంబు దగ్గరికి పోనవసరం లేదని, సంతాప సభలో నన్ను చూపించి చెప్పారు. చప్పట్లు కొట్టబోయి కొందరు ఆగారు. శిలాఫలకం మీద గౌరునాయుడు గారి పేరు కూడా చేర్చాలని తీర్మానించారు. అక్షరాలు ఎంత పెద్దవిగా ఉండాలన్నది ఇంకా తేలలేదు.

ఆయన సామాను తీసుకెళ్లడానికి భార్య పైడమ్మ గారు వచ్చారు. నా ముందు ఆగారు.

"ఇది పాడైపోనాదా బాబూ?" అని సెంట్రీని అడిగారు.

"లేదమ్మా. బానే ఉంది."

ఆమె సామాను తీసుకుని వెళ్లిపోయారు.

ముడి దగ్గర రిబ్బను కాస్త నలిగి ఉంది. ఇంతవరకు నేను ఒక్క నిజమైన బాంబును కూడా ఆపలేదు.