చేతికిచ్చి పంపిన కవరు

సంచి అడుగున అన్నం కుక్కరు పెట్టి, దాని కడుపులో మేజోళ్లు కుక్కి, పైన ఆసుపత్రి దుస్తులు మడతపెట్టింది నెనీతా. నొప్పుల నూనె సీసాని తువ్వాల్లో చుట్టి ఒక మూలకి దోపింది. జిప్పు పడలేదు. అన్నీ బయటికి తీసి మళ్లీ మొదలుపెట్టింది.

“లైసెన్సు రాలేదు తీతా. సంచి సర్దేస్తే వచ్చేస్తుందా?” గుమ్మంలో నిలబడి తల తుడుచుకుంటూ అడిగింది దివీనా.

“వచ్చాక సర్దితే ఆ హడావిడిలో ఏదో ఒకటి మర్చిపోతావు ఇందాయ్. ఊరు దాటాక గుర్తొచ్చి ఏం లాభం?”

దివీనా ఆవిడకి సొంత మేనకోడలేం కాదు. షికాగోలోని ఆవిడ ఇంట్లో పై గది అద్దెకి తీసుకున్న నర్సు. నెనీతా కూడా ఒకప్పుడు నర్సే. ఇద్దరిదీ సముద్రాల అవతల ఉన్న ఇలోయిలో అనే ఊరు. అక్కడివాళ్లకి వయసు మళ్లిన ఆడమనిషి ఎవరైనా తీతాయే, చిన్నపిల్ల ఎవరైనా ఇందాయే.

దివీనా మొగుడు రొడెల్ కాలిఫోర్నియాలో, వల్లేహోలో బస్సు నడుపుతాడు. పెళ్లయి మూడేళ్లయినా వాళ్ల కాపురం ఫోన్లోనే. ఇన్నాళ్లకి అక్కడి ఆసుపత్రి ఒకటి ఆమెకి ఉద్యోగం ఇస్తానంది. ఫిబ్రవరి నెలాఖరులోగా ఆ రాష్ట్రపు లైసెన్సు చూపించాలి, లేదంటే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. షికాగోలో ఆరేళ్లుగా రోగులని చూస్తున్నా సరే, ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లదు. ఎప్పుడో చదువుకున్న కాలేజీ నుంచి మార్కులూ, ప్రసూతి వార్డులో, ఆపరేషన్ గదిలో చేసిన పని వివరాలూ మళ్లీ రావాలంది అక్కడి నర్సింగ్ బోర్డు. మిగతావన్నీ చేరాయి. అదొక్కటే తరువాయి.

“అక్కడివాళ్లకి గుండె కుడిపక్కన ఉంటుందేమోనే, ముందు కనుక్కో” అనేది పక్కగది పెర్లీటా. ఆమె కూడా నర్సే. నోరు ఊరుకోదు.

దివీనా నవ్వేది. కానీ పొద్దున్నే కాఫీ కన్నా ముందు ఫోన్లో బోర్డువాళ్ల పేజీ తెరిచేది. ‘కాలేజీ పత్రాలు ఇంకా అందలేదు.’ రోజూ అదే మాట.

ఆ ఆదివారం సాయంత్రం అంబ్రోసియో దిగాడు. నెనీతాకి పినతల్లి కొడుకు, ఆవిడని ‘మానాంగ్’, అంటే అక్కా అని పిలుస్తాడు. షికాగోలో ఉన్న కూతురిని చూడటానికి ఇలోయిలో నుంచి వచ్చాడు. అట్టపెట్టె నిండా ఎండుచేపలు, మామిడి తాండ్ర. అవి బల్లమీద పెట్టి, నెనీతా వైపు కన్నుగీటి, స్వెట్టరు పైకెత్తి, పొట్టకి కట్టుకున్న పొట్లం విప్పాడు. మూడు ప్లాస్టిక్ సంచుల లోపల పెద్ద కవరు.

“చేపల కంపు అంటకూడదని పొట్టకి కట్టుకొచ్చాను మానాంగ్. విమానంలో కన్ను మూస్తే ఒట్టు. టోక్యోలో బెల్టు విప్పమన్నారు. ప్యాంటు జారితే జారనీ గానీ ఇది జారకూడదని రెండు చేతులా పట్టుకున్నా!”

పెర్లీటా పడీపడీ నవ్వింది. నెనీతా మొహం వెలిగిపోయింది. “తీసుకో ఇందాయ్. నీ కాలేజీ పత్రాలు. ఇక దిగులేముంది?”

కవరు మీద కాలేజీ ముద్ర చూసిన దివీనా మొహంలో నెత్తుటి చుక్క లేదు. “ఇది మీకెలా వచ్చింది?”

“నేనే తెప్పించా. కాలేజీ ఆఫీసులో మా క్లారీటా లేదూ, పోస్టులో వేసేస్తానంది. వద్దుగాక వద్దన్నాను. మనవాడి చేతికిచ్చి పంపితే ఆ నమ్మకమే వేరు.”

ఇలోయిలోలో అందరిదీ అదే పద్ధతి. మందులైనా, పెళ్లిగౌనైనా వెళ్లే మనిషి చేతికిచ్చి పంపుతారు. పైగా నెనీతాకి పోస్టు మీద పాత కక్ష ఉంది. తల్లి పోయిందన్న ఉత్తరం ఆవిడకి అందేసరికి అక్కడ సమాధి మీద గడ్డి మొలిచింది.

“తీతా, ఇది కాలేజీ నుంచి నేరుగా బోర్డుకే వెళ్లాలి. మధ్యలో మన చెయ్యి తగిలిందంటే చెల్లదు. మనం ఏమైనా దిద్దామేమోనని వాళ్ల అనుమానం.”

“అంటించింది అంటించినట్టే ఉందిగా! పొట్టమీద పెట్టుకున్నానే గానీ లోపలికి తొంగిచూళ్లేదు” అన్నాడు అంబ్రోసియో.

ఈసారి ఎవరూ నవ్వలేదు. దివీనా మేడెక్కింది. పై నుంచి రొడెల్‌తో మాట్లాడుతున్న గొంతు కాసేపు వినిపించింది.

“పిల్లని పంపడం ఇష్టం లేక నువ్వే అడ్డం పడ్డావని లోకం అనుకుంటుంది తీతా” అంది పెర్లీటా.

వేళాకోళానికే అంది. కానీ నెనీతాకి ముల్లు గుచ్చుకున్నట్టయింది. ఈ ఇంట్లోంచి ఎంతమంది పిల్లలు సంచులతో వెళ్లలేదు! క్రిస్మస్‌కి వస్తామన్నవాళ్లే అందరూ. ఈ పిల్ల కూడా వెళ్లకపోతే బాగుండునని తన మనసులో ఏ మూలా లేదని ఒట్టు వేయగలదా? వేయలేదు. వెంటనే ఫోను తీసింది. ఇలోయిలోలో అప్పుడే తెల్లవారి, కాలేజీ ఆఫీసు తెరిచారు.

“నువ్వేగా వద్దన్నావు!” క్లారీటా అరుపు వంటింటిదాకా వినిపించింది. “స్టాంపులు కూడా అంటించానే తల్లీ! నీ పోరు పడలేక వాటిని పీకి మీ తమ్ముడికిచ్చా.”

“తప్పు నాదే. ఇంకో కవరు చేసి ఇవాళే పంపవే, నీకు పుణ్యముంటుంది. ఎవరి చేతికిస్తావు?”

“ముక్కూ మొహం తెలియనివాడి చేతికి! వాళ్లకి కావలసింది అదేగా.”

ఆ రోజు నుంచి నెనీతా కాలు కాలిన పిల్లే. మనుషుల కోసం తిప్పే జపమాలని ఒక కవరు కోసం తిప్పింది. ముక్కూ మొహం తెలియని ఆ కొరియరువాడి భార్యాబిడ్డలు కూడా చల్లగా ఉండాలని దండం పెట్టుకుంది.

నెలాఖరు దగ్గరపడింది. ఓ పొద్దున్న దివీనా కాఫీ కప్పు పక్కన పెట్టి ఫోను చూసి, కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. తన పేరు. దాని పక్కన లైసెన్సు నంబరు. పెర్లీటా ఫోను లాక్కుని చూసి వేసిన కేకకి పక్కింటి కుక్క మొరిగింది. నెనీతా ఏడుస్తూనే దివీనాని పట్టుకుని వంటింట్లో గిరగిరా తిప్పేసింది. పొయ్యిమీద గుడ్లు మాడిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

రొడెల్ కారేసుకుని వచ్చాడు. వీడ్కోలు భోజనానికి సేమ్యాలాంటి పన్సిత్ పెద్ద గిన్నెడు చేశారు. సగం తిన్నారో లేదో, మంచు ముంచుకొస్తోందని రొడెల్ తొందరపెట్టి దివీనాని లేపాడు.

“ప్లేట్లు తిప్పండి, ప్లేట్లు!” అంది పెర్లీటా. తింటుండగా ఎవరైనా ప్రయాణమై లేస్తే, కూర్చున్నవాళ్లు తమ ప్లేట్లు ఒక చుట్టు తిప్పాలి. అప్పుడే వెళ్లేవాళ్లు క్షేమంగా చేరతారు. అంబ్రోసియో తిప్పాడు, పెర్లీటా తిప్పింది. నెనీతా ప్లేటు మాత్రం కదల్లేదు. ఆవిడ కోటు తొడుక్కుంటోంది.

“నీదెవరు తిప్పుతారు తీతా?” అడిగింది పెర్లీటా.

“నువ్వే తిప్పు. నా పేరు చెప్పి కూడా తిప్పు.”

“ఎక్కడికి ప్రయాణం?”

“ఈ పిల్లని మొగుడింట్లో నా చేతులతో దిగబెట్టి, వంటిల్లు సర్దిపెట్టి వస్తా. పదిహేను రోజులు.”

“కార్లో చోటు లేదు తీతా, వెనకంతా సంచులే” అన్నాడు రొడెల్, నవ్వాపుకుంటూ.

“నేనెంతుంటాను? ముడుచుకుని కూర్చుంటా. ఆ పన్సిత్ గిన్నె ఇలా ఇవ్వు, దారిలో తింటాం.”

దివీనా అప్పటికే వెనక సీట్లో సంచులని పక్కకి నెట్టేస్తోంది.

వల్లేహోలో వాళ్లింటి వెనక గది, ఎండ బాగా పడే గది, ఆవిడదయింది. నెనీతా షికాగోకి తిరిగి రాలేదు. పదిహేను రోజులకని ఆవిడ వెళ్లింది రెండువేల పంతొమ్మిది మార్చిలో. ఇప్పటికీ అక్కడే ఉంది.