మంద పుష్పమ్మ చేలో, కూడు కృష్ణవేణమ్మ ఇంట్లో

పని చెడిపోయాక ఖర్చుకు చెయ్యి విదిలించేవాళ్ళని తర్లుపాడు పక్కన మా ఊళ్ళో ఇప్పటికీ "మంద పుష్పమ్మ చేలో, కూడు కృష్ణవేణమ్మ ఇంట్లో" అని వెక్కిరిస్తారు. ఆ కృష్ణవేణమ్మ మా అవ్వ. ఈ మాట మా ఇంట్లో అన్న ఒక అల్లుడికి మారు వడ్డన జరగలేదు.

మార్కాపురం కర్నూలు జిల్లాలో, కర్నూలు మద్రాసు కింద ఉన్న రోజులవి. విత్తనాలకు ముందు గొర్రెల మందను రాత్రిపూట చేలో పడుకోబెడితే అదే ఎరువు. ఎవరి చేలో మంద ఉంటే వాళ్ళు పొద్దుగూకే వేళకు కాపరికి కూడు పెట్టాలి. మా చేను మూడేళ్ళుగా ఎరువు మొహం చూడలేదు. కొర్ర మోకాలెత్తు కూడా లేవలేదు. అవ్వ బతిమాలితే కాపరి మాలకొండయ్య ఐదు రోజులకు ఒప్పుకున్నాడు.

మొదటిరోజు అవ్వ సంకటీ పప్పూ పట్టుకెళ్ళింది. మాలకొండయ్య పప్పులో వేలు పెట్టి తిప్పాడు.

"అక్కా, ఇందులో కందిబేడలు వేసినావా, చూపించి తీసినావా?"

"ఎరువేసేది గొర్రెలు. నీ పప్పు పల్చనైతే వాటికేంది నష్టం?"

"వాటికేమీ లేదక్కా. తోలేది నేను గదా."

మరుసటి సాయంత్రానికి చేను ఖాళీ. మంద గట్టుకు పైన, పుష్పమ్మ చేలో పడుకుని ఉంది. పక్కనే పుష్పమ్మ, చేతిలో నెయ్యి గిన్నె.

అవ్వ ఇంటికి పరుగెత్తి, గుడ్లు పెట్టే కోడిని కోసింది. మాలకొండయ్య ఆ కూరను పుష్పమ్మ సంకటిలోనే నంజుకుని, ఎముకలు కూడా నమిలేశాడు.

"ఇంక తోలు నాయనా."

"పడుకున్న జీవాన్ని లేపితే పాపమక్కా. రేపు చూద్దాం."

ఆ రేపు నాలుగు రోజులు సాగింది. రోజుకో కూర. తాత ఉండబట్టలేక అడిగాడు: "వాణ్ణి దత్తత తీసుకున్నామా ఏంది?"

ఈలోపు ఊరు సామెత కట్టేసింది. మబ్బు పట్టగానే మాలకొండయ్య మందను యర్రగొండపాలెం దారి పట్టించాడు.

ఆ సాయంత్రం కుండపోత. పుష్పమ్మ గట్టు తెగి, పైచేలో పెంటికలన్నీ నల్లటి నీళ్ళతో మా చేలోకి దిగాయి. పుష్పమ్మ తడుస్తూ వచ్చి లబలబలాడింది.

"అక్కా, అది నా ఎరువు!"

"కూడు పెట్టింది నేను. నువ్వు పడక చూపించినావు, అంతే," అంది అవ్వ.

ఆ ఏడు మా కొర్ర నడుమెత్తు లేచింది. అయినా సామెత పోలేదు. అది చెవినపడ్డప్పుడల్లా అవ్వ మూతి తిప్పేది:

"కట్టినోళ్ళు వాన పడేదాకన్నా ఆగలేదు, తొందర ముండలు."