ఫాదరుగారి పొగగొట్టం

ఉరుము వినబడితే ఆ ఊళ్లో అందరూ ఇళ్లలోకి పరుగెత్తేవారు. ఒక్క కిలియాన్ మాత్రం చర్చి గోపురంలోకి పరుగెత్తేవాడు. అది అతని ఉద్యోగం. గాలివాన వెలిసేదాకా గంట మోగుతూనే ఉంటే ఊరి మీద పిడుగు పడదని ఆ రోజుల్లో బవేరియా దేశమంతటా నమ్మకం. ఊరి మీద పడలేదు, నిజమే. గోపురం మీదే పడింది, రెండుసార్లు. కిలియాన్‌కు ముందు గంట కొట్టిన ఇద్దరూ తాడు పట్టుకునే పోయారు.

"దేవుడు తనకిష్టమైనవాళ్లను పిలుచుకుంటాడు," అని రెండు అంత్యక్రియల్లోనూ ఫాదర్ ఎమ్మెరామ్ ఒకే ప్రసంగం చేశారు. పిడుగుకూ బియ్యానికీ ఒకటే మంత్రం ఆయనది.

కిలియాన్ భార్య ఆఫ్రాకు ఆ ఇష్టమంటేనే భయం. ఆగ్స్‌బర్గ్ పట్నంలో గోపురాల మీద ఇనుప కడ్డీ నిలబెడుతున్నారనీ, పిడుగు దాని వెంట బుద్ధిగా నేలలోకి దిగిపోతుందనీ ఆమె సంతలో వింది. జూన్ నెలలో ఒక మధ్యాహ్నం, పడమట మబ్బులు కమ్ముకొస్తుంటే, తిన్నగా ఫాదరుగారింటికి వెళ్లింది.

"మన గోపురానికీ ఓ కడ్డీ పెట్టించండి ఫాదర్."

"తప్పమ్మా. పిడుగు దేవుడి చెయ్యి. నీ చెయ్యి అవతల పెట్టుకో అని ఆయనకే చెబుతామా?"

"గంట కొట్టి చెబుతున్నది అదేగా?"

"అది ప్రార్థన."

"మరి ప్రార్థన చేసేవాణ్ణే చంపుతాడేం? అంత గంట, వినబడలేదంటే నమ్మను. సారాకొట్టువాణ్ణి ఒక్కసారైనా పిలవలేదేం? గంట కొట్టేవాళ్లంటేనే మోజా ఆయనకి?"

"ఆఫ్రా! దేవుణ్ణే నిలదీస్తావా?"

"నిలదీస్తా. నా మొగుడు పోతే ఆయనొచ్చి కట్టెలు కొట్టిపెడతాడా?"

విసురుగా పెరట్లోకి వచ్చి, కళ్లు తుడుచుకుని, ఆ దేవుడితోనే నేరుగా తేల్చుకుందామని తల పైకెత్తింది. దేవుడు కనబడలేదు. పొగగొట్టం వెనకాల కొత్త ఇనుప కడ్డీ కనబడింది. దాన్నుంచి ఒక తీగ గోడవెంట దిగి బావి పక్కన నేలలోకి పోయింది.

"ఫాదర్, అదేంటి?"

ఫాదరుగారు వెనకాలే పెరట్లోకి వచ్చి పైకి చూశారు. "అదా... గాలి ఎటు వీస్తోందో చూపే ఇనపకోడి పెట్టిద్దామని. కోడి ఇంకా రాలేదు."

"కోడికి నేలదాకా తీగెందుకు? గింజలేరుకోవడానికి దిగుతుందా?"

ఉరిమింది. ఆఫ్రా గోపురానికి పరుగెత్తింది. కిలియాన్ అప్పుడే తాడు అందుకున్నాడు. కాలరు పట్టుకుని లాగింది.

"మరి గంటో?" అన్నాడతను. "ఊరు ఊరుకుంటుందా?"

"ఊర్నీ రమ్మను."

గంట మోగకపోయేసరికి గాభరాపడి జనం వానలో పరుగెత్తుకొచ్చారు. అప్పటికి మొగుడూ పెళ్లాలు ఫాదరుగారి వంటింట్లో బల్ల మీద కూర్చుని ఉన్నారు.

"గంటేదిరా కిలియాన్?" గుమ్మంలోనే అరిచాడు ఊరిపెద్ద.

"ఫాదరుగారి నమ్మకం ఎక్కడుందో కనుక్కున్నాం బాబూ," అంది ఆఫ్రా. "పొగగొట్టం వెనకాల. మీరూ లోపలికి రండి, చోటుంది."

అందరూ తలెత్తి ఆ కడ్డీని చూశారు. తర్వాత ఫాదరుగారిని చూశారు. అంతలో కళ్లు జిగేలుమన్నాయి, గోపురం మీద ఫెళ్లున పిడుగు పడింది. తాడు ఎవరూ లాగకుండానే గంట ఒక్కసారి మోగింది.

ఆఫ్రా కిలియాన్ చేతిని రెండు చేతులా పట్టుకుని బావురుమంది.

ఫాదరుగారు శిలువ గుర్తు వేసుకున్నారు. "ఇనుమూ దేవుడు చేసిందేగా," అన్నారు. "కమ్మరికి కబురంపండి."

"ఆ మాట ఆదివారం ప్రసంగంలో చెప్పండి ఫాదర్," అంది ఆఫ్రా ముక్కు తుడుచుకుంటూ. "తాడు పట్టుకుని పోయిన ఆ ఇద్దరి పెళ్లాలూ ముందు వరసలోనే కూర్చుంటారు."