తక్కువైన బాదంపప్పు

ఫోను మోగేసరికి నివేస్ చేతులు రెండూ గ్రీజులో ఉన్నాయి. కాస్త శుభ్రంగా ఉన్న చిటికెనవేలితో నొక్కి, ఫోనును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"ఏమ్మా, బండి తనిఖీకి తెస్తానన్నావు, ఆ ముచ్చట ఇంకా ఉందా, తీరిపోయిందా?" తనిఖీ కేంద్రం ఆయన గొంతు. "ఎవరో రానన్నారు. సాయంత్రం ఐదింటికి ఖాళీ. ఆ తర్వాత షట్టరు దించేసి నేనూ సముద్రానికి పోతున్నా. మళ్లీ సెప్టెంబరే."

"వస్తున్నామండీ! వచ్చేశామనుకోండి!"

ఆ గ్యారేజీలోనే రెండు గంతులేసి, గొలుసుకు నూనె రాస్తున్న ఒరియానోను వెనకనుంచి వాటేసుకుంది. అతని తెల్ల బనీను మీద పది వేళ్లూ అచ్చుపడ్డాయి.

"మా అమ్మ చూసిందంటే బనీనుతో పాటు నిన్నూ ఉతుకుతుంది" అన్నాడు ఆ కొత్త మొగుడు, తెగ సంతోషపడిపోతూ.

పెళ్లి జూన్‌లో అయింది. ఎక్కడికీ వెళ్లలేదు. ఇద్దరికీ సెలవు దొరికేది ఫోర్లీ ఊరంతా వేసవి సెలవులకు తాళాలు వేసుకునే ఈ ఆగస్టు రోజుల్లోనే. కొండలు దాటి అవతలి సముద్రం దాకా ఈ బండి మీదే వెళ్లాలని పెళ్లికి ముందే అనుకున్నారు. తనిఖీ ముద్ర పడందే బండి రోడ్డెక్కకూడదు. ఇవాళ పడకపోతే, ఆ ప్రయాణం ఇక వచ్చే ఏడాదే.

బండి తొంభైల నాటిది. ట్యాంకు మీదికి ఒరిగి, గాలిని తలతో చీల్చుకుంటూ నడిపే రకం. నివేస్ కాలేజీలో ఉండగా ఒక రైతు కోళ్లగూట్లోంచి తెచ్చుకుంది. విప్పి చూస్తే గాలి గొట్టంలో ఈకలు. కొత్త సామాను కొనే తాహతు లేక, దొరికిందల్లా అతికించింది. ఎడమ తొడుగు ఎరుపు, కుడి తొడుగు నీలం. ఒక అద్దం గుండ్రం, ఇంకోటి పలక. కార్బురేటర్లను అత్తగారి సూపు గిన్నెలో నిమ్మరసం పోసి ఉడికించింది. అవి తళతళా మెరిశాయి. గిన్నె మాత్రం మళ్లీ పొయ్యెక్కలేదు.

ఇక జెట్లు బిగిస్తే చాలు. పెట్రోలును కొలిచి ఇంజనుకు పంపే చిన్న ఇత్తడి ముక్కలు అవి, సిలిండరుకు ఒకటి చొప్పున నాలుగు. నివేస్ బిస్కెట్ల డబ్బా తెరిచింది. పెళ్లిలో చక్కెరపూత బాదంపప్పులు కట్టి పంచే తెల్ల వల సంచులు బోలెడు మిగిలితే, విప్పిన బోల్టులన్నీ వాటిలోనే మూటలు కట్టి పెట్టుకుంది. ప్రతి మూటకూ ఒక చీటీ. డబ్బా బోర్లించింది. అన్నీ ఉన్నాయి, జెట్లు తప్ప.

"అత్తయ్యా! ఇక్కడినుంచి ఏమైనా తీశారా?"

ఆర్జియా పిండి చేతులతో వంటింట్లోంచి వచ్చింది. "మీ ఇనుప సామాను నేనెందుకు ముట్టుకుంటానమ్మా? ఆదివారం మా అక్క ఎర్మెలిందాకు బాదంపప్పుల సంచి ఒకటి ఇచ్చా, అంతే. మోకాళ్ల నొప్పులతో పెళ్లికి రాలేదుగా పాపం. బల్ల మీద ఒక్కటి మిగిలుంది, మీ పేర్ల కార్డుతో సహా."

నివేస్‌కు అర్థమైంది, పోయింది జెట్ల మూటే. గీత పడకూడదని ఒక్కో జెట్టునూ దూదిలో చుట్టింది తనే. తెల్ల వలలో తెల్లటి ఉండలు. పేర్ల కార్డు తీసి చీటీ కట్టడం తర్వాత చూద్దాంలే అనుకున్నదీ తనే.

"అయ్యో, పెద్దమ్మ కట్టుడు పళ్లు!" అన్నాడు ఒరియానో.

"ఈ మధ్యాహ్నం వేళ వెళ్లి తలుపు కొట్టేవు, నిద్రపోతుంటుంది" అని ఆర్జియా కేకేసింది. "ఫోను కూడా తీసి పక్కన పెడుతుంది. నిద్ర లేపాడని పోస్టాయనతో ఇప్పటికీ మాటల్లేవు!"

అప్పటికే నివేస్ సైకిలు కాలవ గట్టెక్కింది.

ఎర్మెలిందా ఇంటి కిటికీ చెక్కలన్నీ మూసి ఉన్నాయి. వీధిలో పిల్లి కూడా లేదు. నివేస్ తలుపు దాకా వెళ్లింది, చెయ్యెత్తింది, దించింది. వాకిట్లో అటు నడిచింది, ఇటు నడిచింది. జెట్లు బిగించాలి, ట్యాంకు ఎక్కించాలి, స్టార్టు చేయాలి, అది స్టార్టవ్వాలి. మళ్లీ అటు నడిచింది.

"ఎవర్రా అది, గులకరాళ్ల మీద గాడిదలా?" లోపలినుంచి గొంతు లేచింది. "వస్తే లోపలికి రా, లేకపోతే పో!"

నివేస్ ఒక్క అంగలో లోపలికి దూకింది. చీకటి గదిలో అద్దాల బీరువా. అందులో ఇంట్లో జరిగిన ప్రతి పెళ్లి తాలూకు సంచీ, పింగాణీ కప్పుల మధ్య వరసగా. తన పెళ్లి సంచి అట్టడుగున, కార్డు గోడవైపు తిప్పి ఉంది.

"పెద్దత్తయ్యా, అది తినలేదు కదా?"

"తినడమా! చేత్తో తడిమితేనే తెలిసింది. నాలుగు! బాదంపప్పులు ఐదుండాలే, సరిసంఖ్య అయితే మొగుడూ పెళ్లాం చెరిసగం పంచుకుని ఎవరి దారిన వాళ్లు పోతారు. పైగా మెత్తబడినవి! మా చెల్లెలు పిసినారని తెలుసుగానీ మరీ ఇంతా? ఆదివారం నుంచీ మీ ఇద్దరి కోసం రోజూ కొవ్వొత్తి వెలిగిస్తున్నా."

నివేస్‌కు నవ్వాగలేదు. ఆ కొవ్వొత్తి మాటకు కళ్లు కూడా చెమర్చాయి. మూట విప్పి, దూది తీసి, ఇత్తడి ముక్కలు ముసలావిడ అరచేతిలో పోసింది.

"బండి సామాను పెద్దత్తయ్యా. నాలుగే ఉండాలి. ఐదోది ఉంటే పెట్టడానికి చోటుండదు."

"ఐదోది లేకపోతే నా బీరువాలోనూ చోటుండదు." ఎర్మెలిందా పిడికిలి మూసింది. "అసలు బాదంపప్పులు ఐదు తెచ్చిస్తావా?"

"ఇస్తాను!"

"సైకిలు మీద కాదు. ఆ బండి మీద. రేపు పండగ పూజకు నన్ను దాని మీదే చర్చికి తీసుకెళ్లాలి. ఎదురింటి సిల్వానా దాన్ని తుక్కంటోంది."

"మరి మోకాళ్లు?"

"నడవలేనన్నాయి గానీ కూర్చోలేనన్నాయా? పీట వేసుకుని ఎక్కుతా." పిడికిలి తెరుచుకుంది.

గ్యారేజీలో ఒరియానో ట్యాంకు పట్టుకుని సిద్ధంగా నిలబడ్డాడు. నివేస్ జెట్లు బిగించింది. మీట నొక్కితే బండి దగ్గింది, ఆగింది. మళ్లీ దగ్గింది. మూడోసారి ఒక్కసారిగా గొంతు విప్పింది. పెరట్లో కోళ్లు అరుస్తూ పరుగెత్తాయి, పాత పగ గుర్తొచ్చినట్టు. నివేస్ ముందు కూర్చుంది, ఒరియానో వెనక. కాలవ గట్టు మీద గేరు మారిన ప్రతిసారీ అతని హెల్మెట్టు వచ్చి తన హెల్మెట్టుకు టక్కుమని తగులుతుంటే, ఆ చప్పుడుకు కూడా నివేస్‌కు సంతోషమే.

తనిఖీ ఆయన బండి చుట్టూ తిరిగి చూశాడు. "ఇది బండా, రెండు బళ్లకు చేసిన పెళ్లా?" అన్నాడు. బ్రేకులు చూశాడు, లైట్లు చూశాడు, ఇంకోసారి బ్రేకులు చూశాడు. చివరికి ముద్ర కొట్టి, షట్టరు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

భోజనాల దగ్గర నివేస్ కుదురుగా కూర్చోలేదు. రొట్టె ముక్క నోట్లో ఉండగానే లేచి వెళ్లి బండిని చూసి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఆర్జియా కొత్త సంచిలో బాదంపప్పులు ఒక్కొక్కటీ పైకి లెక్కపెడుతూ వేసింది. ఐదు.

"వినండి" అంది నివేస్, గుమ్మంలోనే నిలబడి. "రేపు పొద్దున్నే పెద్దత్తయ్యను నేను చర్చి దగ్గర దింపుతా, సిల్వానా కిటికీ ముందునుంచి, మెల్లగా. ఒరియానో, నువ్వు సామానుతో చర్చి వాకిట్లో ఉండు. గంటలు మోగడం ఆగేలోపు మనం కొండదారి పట్టాలి."